తులసికోటలో నీలగిరి మట్టి

2023 సంక్రాంతికి మా ఫ్రిజ్‌లో ఏమేం ఉన్నాయో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పై అరలో పాలు, పెరుగు, కనుమకని కడిగి పెట్టిన నాటుకోడి. మధ్య అరలో గారెల పిండి, దోసెల పిండి. కింద కూరగాయల డబ్బా తీసేసిన చోట, అల్యూమినియం ఫాయిల్ చుట్టి ఏటవాలుగా పెట్టిన మూడు పొడుగాటి గొట్టాలు. ఒక్కోటి మూర కన్నా కొంచెం ఎక్కువ. వాటి మీద నల్ల మార్కర్‌తో 0–50, 50–100, 100–150 అని రాసి ఉంది.

ఆ గొట్టాల్లో ఉన్నది మట్టి. నీలగిరి కొండల మీది బురదనేల నుంచి మా అక్క కూతురు తవ్వి తెచ్చిన మట్టి.

పిల్ల పేరు రాయొద్దంది, కాబట్టి రాయను. సూర్యాపేటలో డిగ్రీ చదివి, ఎమ్మెస్సీకి హైదరాబాదొచ్చి, ఇక్కడే పీహెచ్‌డీలో చేరింది. ఉండేది క్యాంపస్ హాస్టల్లో. మా ఇల్లు తార్నాకలో కాబట్టి ఆదివారాలు మా ఇంట్లోనే. బట్టలు ఉతుక్కోవడానికి వస్తుందని మా ఆయన నవ్వుతాడు గానీ, వచ్చిన దగ్గర్నుంచి వంటింటి గట్టు మీద కూర్చుని నాతో మాట్లాడుతూనే ఉంటుంది. నాకు సైన్సు పదో తరగతితోనే సరి. తర్వాతంతా తెలుగే. అందుకని తను చెప్పేదంతా వంటింటి భాషలోకి మార్చమంటాను.

ఆమె పరిశోధన పీట్ నేలల మీద. కొండల మీది పీట్ నేలలు వాతావరణం వేడెక్కుతుంటే ఏమవుతున్నాయి అని. ఈ మాట మొదటిసారి విన్నప్పుడు మా అత్తమ్మ, "పీటలా? పెళ్లిపీటలెక్కమని మీ అమ్మ మొత్తుకుంటుంటే నువ్వు ఈ పీటలెక్కినవా?" అంది. అప్పటి నుంచి మా ఇంట్లో ఆ చదువుకి 'పీటల చదువు' అనే పేరు స్థిరపడిపోయింది.

పీట్ అంటే ఏమిటో నాకు అర్థమైంది మాత్రం ఆవకాయ జాడీ దగ్గరే. కొండల మధ్య పల్లంలో నీళ్లు నిలిచి ఉంటాయి. అక్కడ పెరిగిన గడ్డీ తుంగా చచ్చిపోయి ఆ నీళ్లలోనే పడతాయి. మామూలు నేల మీదైతే ఏడాది తిరిగేసరికి కుళ్లి మట్టిలో కలిసిపోతాయి. కానీ నీటి కింద గాలి ఆడదు. గాలి లేకపోతే కుళ్లబెట్టే సూక్ష్మజీవుల పని బాగా మందగిస్తుంది. సగం కుళ్లీ సగం కుళ్లకా అలాగే ఉండిపోతాయి. దాని మీద మళ్లీ వచ్చే ఏటి గడ్డి, దాని మీద మరుసటి ఏటిది. "ఆవకాయలో ముక్కల మీద నూనె తేలేట్టు పోస్తాం కదా చిన్నమ్మా, ఇక్కడ నూనె బదులు నీళ్లు," అంది. నూనె మట్టం తగ్గి ముక్క పైకి తేలితే ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బూజే.

పీట్ నేలలోనూ అదే జరుగుతుంది. ఎండ పెరిగి, వానలు అదను తప్పి, లేదా ఎవరో కాలువ తవ్వితే నీటిమట్టం కిందికి పోతుంది. గాలి తగిలిన మేరకు వేల ఏళ్లుగా దాగిన గడ్డి కుళ్లడం మొదలవుతుంది. అందులోని కార్బన్ బొగ్గుపులుసు వాయువై పైకి పోతుంది. అది పోతే ఎండ ఇంకా పెరుగుతుంది. ప్రపంచంలోని నేల మొత్తంలో ఇలాంటి నేలలు 3 శాతమేనట. కానీ అన్ని అడవుల చెట్లలో ఉన్న కార్బన్ కన్నా ఎక్కువ వీటిలో ఉంది. 2015లో ఇండోనేషియాలో కాలువలు తవ్వి ఎండబెట్టిన పీట్ నేలలు వారాల తరబడి తగలబడితే ఆ పొగ సింగపూర్ దాకా కమ్మింది. అది టీవీలో నేనూ చూశాను. నేల తగలబడటమేమిటా అని అప్పుడు అర్థం కాలేదు.

వేడి సంగతి కూడా మనకు తెలిసిందే. మే నెలలో ఇడ్లీ పిండి నాలుగైదు గంటల్లో పొంగిపోతుంది, డిసెంబర్లో తెల్లారినా కదలదు. సూక్ష్మజీవులకు వేడి అలాంటిది. పది డిగ్రీలు పెరిగితే వాటి పని దాదాపు రెండింతలవుతుందని మా పిల్ల చెప్పింది.

మన దగ్గర ఇలాంటి నేల ఎక్కడుందీ అంటే, దగ్గర్లో ఉన్నది నీలగిరుల మీదే. రెండు వేల మీటర్ల ఎత్తున, ఊటీ చుట్టుపక్కల లోయల్లో. వాటి మీద పరిశోధన కొత్తదేమీ కాదు. ఏనుగుల మీద పరిశోధనకు పేరుపొందిన ఆర్. సుకుమార్ గారు, మరికొందరు శాస్త్రవేత్తలు కలిసి అక్కడి పీట్ తవ్వి చూసి, 1993లో 'నేచర్' పత్రికలో రాశారు. ఇరవై వేల ఏళ్ల రుతుపవనాల కథ ఆ నల్లమట్టిలో దొరికింది. తర్వాత 1997లో నలభై వేల ఏళ్ల దాకా వెనక్కి వెళ్లారు.

మట్టిలో వాన కథ ఎలా దొరుకుతుందంటారా? ఇది నాకు చాలా నచ్చిన సంగతి. మొక్కలు గాలి నుంచి కార్బన్ తీసుకునే పద్ధతుల్లో ముఖ్యమైనవి రెండు. వరి, గోధుమ, చాలా చెట్లు ఒక రకం. జొన్న, సజ్జ, మొక్కజొన్న, చెరకు, ఎండకు తట్టుకునే చాలా గడ్డిజాతులు ఇంకో రకం. కార్బన్‌లోనే మామూలుది ఒకటి, కొంచెం బరువైనది ఒకటి ఉంటాయి. జొన్న రకం మొక్కల్లో ఆ బరువైనది కాస్త ఎక్కువ. మొక్క చచ్చి వేల ఏళ్లయినా ఆ లెక్క మారదు. కాబట్టి మట్టిని మిషన్లో పెట్టి చూస్తే, ఆ కాలంలో అక్కడ ఏ రకం మొక్కలు పెరిగాయో, అంటే వాన బాగుందో కరువో తెలుస్తుంది. పద్ధెనిమిది, ఇరవై వేల ఏళ్ల కింద నీలగిరుల మీద జొన్న రకం గడ్డే ఎక్కువట, పొడి కాలమన్నమాట. "మనుషుల వెంట్రుకలోనూ తెలుస్తుంది చిన్నమ్మా, నీదీ అమ్మమ్మదీ చెరో వెంట్రుక ఇస్తే ఎవరు అన్నం తింటారో ఎవరు జొన్నరొట్టె తింటారో చెప్పేస్తారు," అంది. రాత్రిళ్లు జొన్నరొట్టె తప్ప ముట్టని మా అత్తమ్మ వెంటనే జుట్టు ముడేసుకుంది.

ఇంత తెలిసీ నేను చేసిన పని చూడండి.

ఆ శనివారం భోగి, రెండో శనివారం కూడా. ఆదివారం సంక్రాంతి, సోమవారం కనుమ. కోయంబత్తూరులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి, థర్మాకోల్ పెట్టె ఒళ్లో పెట్టుకుని భోగి రోజు మధ్యాహ్నం పిల్ల దిగింది. రైల్లో ఎవరో చేపలా అని అడిగారట. ల్యాబ్ తెరిచేది మంగళవారమే. ఆ మట్టి చల్లగా ఉండాలి, లేకపోతే లోపలి సూక్ష్మజీవులు పని మొదలుపెడతాయి. పండక్కి సూర్యాపేట పోకుండా, దాని కోసమే మా ఇంట్లో ఆగింది. "పండగనాడు కూడా ఇంటికి రాని చదువేం చదువే," అని అక్క నాకు ఫోన్ చేసి తిట్టింది. తనని తిడితే ఫోన్ పెట్టేస్తుందని నన్ను.

కూరగాయల డబ్బా తీసి గొట్టాలు సర్దుతుంటే అత్తమ్మ పక్కన నిలబడి ఏందవి అని అడిగింది. నేను చేతిలో పనిలో ఉండి, ఈ ఒక్క వాక్యం అన్నాను: "మనం మొక్కలకి నర్సరీ నుంచి కోకోపీట్ తెస్తం చూడు అత్తమ్మా, అటువంటిదే." నిజానికి కోకోపీట్ పీటే కాదు, కొబ్బరిపీచు పొట్టు. పేరు ఒకటి కాబట్టి సులువుగా ఉంటుందని అన్నాను. తెలియని విషయాన్ని తెలిసిన వస్తువుతో పోల్చి చెప్పడం నాకో గొప్ప అలవాటు.

ఆదివారం సాయంత్రం ఆడపడుచు వాళ్లు వచ్చారు, ఎనిమిది మంది. పొద్దున నానబెట్టినవీ, మిగిలినవీ, వాళ్లు తెచ్చినవీ, ఫ్రిజ్ తలుపు పడటం లేదు. పెరుగు వడల గిన్నెకి చోటు కోసం పైనున్న గొట్టం ఒకటి తీసి వెనక వాష్ ఏరియాలో పెట్టాను. జనవరి చలి, అక్కడ చల్లగానే ఉంది. వాళ్లు తినగానే మళ్లీ లోపల పెడదామనుకున్నాను. పిల్ల అప్పుడు మా వాడికి లెక్కలు చెబుతోంది. ఒక్క మాట తనతో అని ఉంటే సరిపోయేది. అనలేదు. వాళ్లు పోయేసరికి పదకొండయింది. ఆ గొట్టం మాట నా బుర్రలోంచి పూర్తిగా పోయింది.

కనుమ నాడు పొద్దున్నే అత్తమ్మ లేచి తులసికోట కడిగింది. పైమట్టి గుల్ల చేసింది. వాష్ ఏరియాలో కోకోపీట్ ఇటుక పక్కనే ఈ గొట్టం కనబడింది. కోడలు మొక్కలకే బయట పెట్టిందనుకుంది. తప్పేముంది?

మాకు తెలిసింది ఎలాగంటే, అత్తమ్మ చాలా శుభ్రమైన మనిషి. ఫాయిల్ చింపకుండా విప్పి, నాలుగు మడతలు పెట్టి సొరుగులో దాచింది. గొట్టాన్ని కడిగి, చిక్కుడు తీగకి ఊతంగా పనికొస్తుందని గోడకి ఆనించి ఎండబెట్టింది. కాఫీ గ్లాసుతో వెనక్కి వచ్చిన పిల్ల ఆ ఖాళీ గొట్టాన్ని చూసింది. 100–150 అన్న అంకెలు దాని మీద ఇంకా ఉన్నాయి.

అరవలేదు. ఏడవలేదు. తులసికోట ముందు గొంతుక్కూర్చుని మట్టిని వేళ్ల మధ్య నలిపి చూసింది. టీపొడిలా నల్లగా, సన్నటి వెంట్రుకల్లాంటి వేళ్లతో. చెరువు ఎండేటప్పుడు వచ్చే వాసన. ఎర్రమట్టితో, నిన్నటి పూలతో, పసుపుతో కలిసిపోయి ఉంది.

"ఏది పైది, ఏది కిందది చిన్నమ్మా?" అంది.

మట్టి ఎక్కడికీ పోలేదు, అక్కడే ఉంది. పోయింది వరస. ఏ వేలు మందం ఏ కాలానిదో ఆ వరసలోనే ఉంది. పుస్తకం పేజీలు చింపి కలిపేసినట్టనుకున్నా గానీ, పేజీలకి కనీసం నంబర్లుంటాయి.

"మట్టే కదా తల్లీ, మల్ల తెచ్చుకుందువు," అంది అత్తమ్మ, కంగారుగా. పిల్ల "అవును అమ్మమ్మా," అంది. అత్తమ్మకి అప్పుడు అర్థమైంది, ఇది మళ్లీ తెచ్చుకునేది కాదని. ఆ రోజు ఆమె గారె ముట్టలేదు. ఇల్లంతా కనుమ వాసన వేస్తుంటే ఎవ్వరం సరిగ్గా తినలేదు.

పిల్ల నన్నొక్క మాట అనలేదు. అది నాకు ఇంకా కష్టంగా ఉంది. అత్తమ్మ కోకోపీట్ అన్న మాట ఎత్తినప్పుడు నా వైపు ఒక్కసారి చూసింది, అంతే. మంగళవారం మిగతా రెండు గొట్టాలు తీసుకుని వెళ్లిపోయింది. తర్వాత నాలుగు ఆదివారాలు రాలేదు. పనుందంది. వాషింగ్ మెషిన్ ఖాళీగా ఉన్నప్పుడల్లా నాకు గుండెల్లో కలుక్కుమనేది. అక్కకి చెప్పలేదు. చెప్తే "పోయింది మంచిదే, చదువాపి పెళ్లి చేద్దాం" అంటుందని భయం.

చివరికి నేనే బయల్దేరాను. తార్నాకలో ఉండేవాళ్లకి క్యాంపస్ అంటే పొద్దుటి నడక. పద్నాలుగేళ్లుగా ఆ చెట్ల కింద నడుస్తున్నాను, 1939లో కట్టిన ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద కూర్చుని చుట్టాలతో ఫోటోలు దిగాను. ఒక్క ల్యాబ్‌లోకి మాత్రం ఎప్పుడూ అడుగు పెట్టలేదు. చెప్పులు బయట విడవాలా అని అడిగితే అక్కడున్న అబ్బాయి నవ్వాడు.

వాళ్ల మేడమ్ దగ్గర నేను వచ్చిన పని చెప్పాను. తప్పు నాది, పిల్లది కాదు, ఆమె మీద ఏమీ రాయకండి అని. మేడమ్ ఆశ్చర్యపోయింది. "శాంపిల్ తన అజాగ్రత్త వల్ల పోయిందని రాసిచ్చిందండీ. మీ ఇంటి పేరే ఎత్తలేదు," అంది.

నాకేం మాట్లాడాలో తోచలేదు. ఆమే లేచి లోపల చూపించింది. ఫ్రిజ్ లాంటి పెట్టెలు రెండు. ఒకటి 15 డిగ్రీలు, ఒకటి 25. లోపల గాజుసీసాలు, అచ్చం పచ్చడి సీసాలే, మూతలకి రబ్బరు బిరడాలు. ప్రతి దాంట్లో చెంచాడు నల్లమట్టి. రోజూ సిరంజితో మూతలోంచి కాస్త గాలి తీసి, ఆ మట్టి ఎంత బొగ్గుపులుసు వాయువు వదిలిందో కొలుస్తారట. ఒక్కో సీసా మీద మా పిల్ల చేతిరాత. పైమట్టిది, నడిమి మట్టిది ఉన్నాయి. కింది వరస ఖాళీగా ఉంది.

ఆ కింది వరసే తన అసలు ప్రశ్నట. అడుగున ఉన్న బాగా పాత మట్టి కూడా వేడికి ఇట్టే కరిగిపోతుందా, లేక అందులో కుళ్లగలిగినదంతా ఎప్పుడో కుళ్లిపోయి మిగిలినది మొండిదా అని. పాత ఆవకాయ కొత్తదాని కన్నా గట్టిదా కాదా అన్నమాట. ఆ మట్టి వయసు కూడా తేలలేదు. దానికి కార్బన్ డేటింగ్ చేయించాల్సి ఉంది. ఎన్ని వేల ఏళ్లదో తెలియకుండానే మా తులసికోటలో కలిసిపోయింది.

ఆ ఆదివారం పిల్ల వచ్చింది, బట్టల సంచితో. ఇద్దరం ఆ విషయం ఎత్తలేదు. బట్టలారేస్తూ, "మా మేడమ్ దగ్గరికెందుకు పోయినవ్ చిన్నమ్మా, నాకు సిగ్గయింది," అంది. నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

అత్తమ్మ మాత్రం దగ్గర కూర్చోబెట్టుకుని, "ఇప్పుడా మన్ను అండ్ల ఏం జేస్తంది?" అని అడిగింది. "గాలి తగిలింది కదా అమ్మమ్మా, కుళ్లుతుంటది. ఊపిరి వదులుతుంటది," అంది. అత్తమ్మ ఆ రోజు దీపం పెట్టేటప్పుడు కోట ముందు మామూలు కన్నా ఎక్కువసేపు నిలబడింది.

మరుసటి ఏడు, 2024 జనవరిలో మళ్లీ వెళ్లింది. అంతకుముందు పోకూడదా అంటే, వానల్లో ఆ లోయల్లో తవ్వలేరు, అడవిలోని చోట్లకి అనుమతులు కావాలి, డబ్బు కావాలి. ఈ చోటు ఒక రైతు పట్టా భూమిలో ఉన్నది కాబట్టి అనుమతి బాధ లేదనుకుంది. వెళ్లి చూస్తే బురదనేల లేదు. మధ్యలోంచి కాలువ తవ్వి ఉంది, నీళ్లు పోయాయి. నల్లమట్టిలో బోదెలు తీసి క్యారెట్ వేశారు. ఆ రాత్రి ఫోన్ చేసింది. అక్కడ ఉదయాలు గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా ఉంటుందని, ఈసారి అది తక్కువగా ఉందని, తుంగ ఉన్నచోట నడిస్తే కిందట్లో కాలు పరుపు మీద వేసినట్టు దిగేదని, ఇప్పుడు దిగడం లేదని చెప్పింది. తోడా వాళ్లు తమ పాల గుడి కప్పు వేయడానికి ఇలాంటి బురదనేలల్లో పెరిగే గడ్డినే వాడతారట. ఆ చోట అదీ లేదు.

నాకు ఆ రైతు మీద కోపం వచ్చింది. పిల్లకి రాలేదు. "ఆయనకి ఇద్దరు ఆడపిల్లలు చిన్నమ్మా. ఒకమ్మాయి కోయంబత్తూరులో నర్సింగ్ చదువుతోంది. నీళ్లు నిల్చిన నేల ఆయనకేం పెడుతుంది?" అంది. నూరేళ్ల పైనుంచి ఆ కొండల మీద జరిగింది అదేనట. తెల్లవాళ్లు గడ్డినేలల్లో నీలగిరి చెట్లు, తుమ్మజాతి వాటిల్ చెట్లు నాటారు, టీ తోటలు వేశారు, మనం క్యారెట్, బంగాళదుంప, క్యాబేజీ వేసుకున్నాం. వాతావరణం వేడెక్కడం వాటి తర్వాత వచ్చి కూర్చుంది.

థీసిస్ పేరు మారింది. ఆ చోటు ఇప్పుడు 'ఎండిన నేల'ల జాబితాలోకి వెళ్లింది. కాలువ తవ్వక ముందటి మట్టి తన దగ్గర రెండు గొట్టాలుంది కాబట్టి, ముందూ తర్వాతా పోల్చడానికి పనికొచ్చిందని మేడమ్ సంతోషించిందట. మీటరు లోతు దాకా. ఆ కింద ఏముండేదో మా ఇంటికే తెలియాలి.

మొన్న సాయంత్రం తార్నాకలో కూరగాయల బండి దగ్గర నిలబడ్డాను. "ఊటీ క్యారెట్ అమ్మా, ఫ్రెష్," అన్నాడు. బాగా కడిగినవి, ఒక్క మట్టిరవ్వ లేకుండా నున్నగా మెరుస్తున్నాయి. మర్నాడు ఆదివారం. పిల్లకి క్యారెట్ హల్వా ఇష్టం, చిన్నప్పటి నుంచీ. రెండు నిమిషాలు నిలబడి కిలో తీసుకున్నాను. హల్వా తింటూ, "ఏ క్యారెట్ చిన్నమ్మా?" అని అడిగింది. "బండి మీద కొన్నా," అన్నాను. ఇంకొంచెం వేయమని గిన్నె చాపింది.